బిగ్ బెండ్ యాత్ర: ఏ వేళకి ఎక్కడ ఉండాలి

టెక్సాస్‌లో చలిగాలి తిరగగానే మా డల్లాస్ స్నేహితుల్లో ఎవరో ఒకరు అడుగుతారు: "బిగ్ బెండ్‌కి రెండు రోజులు సరిపోతాయా అండీ?" సరిపోవు. డల్లాస్ నుంచి గానీ హ్యూస్టన్ నుంచి గానీ వెళ్లడానికే ఒక పగలంతా పోతుంది, తిరిగి రావడానికి ఇంకో పగలు. ఆ రెండూ పోను అక్కడ మూడు రాత్రులు ఉండగలిగితేనే బయల్దేరమని చెప్తాను. నాలుగైతే ఇంకా మంచిది. అంత దూరం పోయి పరుగులు తీసి వచ్చినవాళ్లు "అన్నీ రాళ్లే, ఏముందక్కడ?" అంటారు. నిదానంగా చూసినవాళ్లు మళ్లీ మళ్లీ వెళ్తారు. నేను ఇప్పటికి అయిదుసార్లు వెళ్లాను, ఆరోసారికి తేదీ కూడా అనుకున్నాను.

మ్యాప్‌లో టెక్సాస్ పడమటి కొసన రియో గ్రాండే నది దక్షిణానికి దిగి, పెద్ద వంపు తిరిగి, మళ్లీ ఉత్తరానికి ఎక్కుతుంది. ఆ వంపే బిగ్ బెండ్. నదికి అవతలి ఒడ్డు మెక్సికో. 1944 జూన్ 12న ఇది నేషనల్ పార్క్ అయింది. విస్తీర్ణం 8 లక్షల ఎకరాల పైమాట. ఇందులో మూడు వేర్వేరు లోకాలున్నాయి. చుట్టూ చివావా ఎడారి. నడిమధ్యన చిసోస్ కొండలు, మొత్తం పర్వతశ్రేణి పార్కు హద్దుల్లోనే ఇమిడిపోయింది. అంచున నది, అది కోసిన గండ్లు. కొండను చీల్చుకుని నది పోయే చోటుని మనం గండి అంటాం కదా. పెన్న చేసిన గండి పక్కన కట్టినందుకే గండికోటకి ఆ పేరు. రియో గ్రాండే ఇక్కడ అలాంటివి మూడు చేసింది: శాంటా ఎలీనా, మరిస్కాల్, బొకియాస్.

నది ఒడ్డు సముద్రమట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తున ఉంటే, చిసోస్ కొండల్లోని ఎమరీ శిఖరం 7,800 అడుగులు దాటుతుంది. అందుకే ఒకే మధ్యాహ్నం నది దగ్గర మాడు పగిలే ఎండ ఉంటే కొండ మీద పైట చెంగు కప్పుకోవాలనిపించే చల్లదనం ఉంటుంది. రెండింటి మధ్య తేడా 20 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉండొచ్చు. ఈ యాత్రలో కీలకమంతా ఇదే. ఏమేం చూడాలన్న జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. ఏ వేళకి ఎక్కడ ఉండాలన్నది తేల్చుకుంటే మిగతావి వాటంతట అవే కుదురుతాయి.

ముందు తేదీ

నవంబర్ నుంచి మార్చి దాకా మంచి కాలం. ఏప్రిల్ మొదట్లో కూడా వెళ్లొచ్చు గానీ నది పక్క మధ్యాహ్నాలు అప్పటికే మండుతుంటాయి. అన్నిటికన్నా వేడి మే, జూన్ నెలల్లో. అప్పుడు నది దగ్గర 110 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కన 43 సెల్సియస్, దాటడం మామూలే. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్లం మాకేం లెక్క అనుకోకండి. అక్కడ ఇల్లుంటుంది, చెట్టుంటుంది, కుండలో నీళ్లుంటాయి. ఇక్కడ మైళ్ల తరబడి మోకాలెత్తు ముళ్ల పొదలు తప్ప నీడ అనేదే లేదు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానలు. అవి కురిస్తే ఎడారి పచ్చబడి ఎంతో అందంగా ఉంటుంది గానీ ఎండు వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి, మట్టిరోడ్లు తెగిపోతాయి.

థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, మార్చి నడుమ స్ప్రింగ్ బ్రేక్: ఈ మూడు వేళల్లో బస దొరకదు, కార్ పార్కింగ్ దొరకదు. నవంబర్ మొదటి శనివారం పార్కు పడమటి గేటు పక్కనున్న టెర్లింగ్వా ఊళ్లో చిల్లీ (మాంసంతో వండే కారం కూర) వంటల పోటీలు జరుగుతాయి, 1967 నుంచి నడుస్తున్న సంప్రదాయం. అప్పుడూ చుట్టుపక్కల గదులన్నీ నిండిపోతాయి. పిల్లల బడి సెలవులకి కట్టుబడక తప్పని కుటుంబాలు ఆరు నెలల ముందే బస ఖాయం చేసుకోవాలి. కట్టుబడనక్కర్లేనివాళ్లకి జనవరి చివర, ఫిబ్రవరి నా మొదటి ఎంపిక. వానలు కలిసొచ్చిన ఏడు ఫిబ్రవరి చివర్లో రోడ్డు పక్కలంతా నీలంగా బ్లూబానెట్లు పూస్తాయి. డల్లాస్ పక్కన మనం పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసే పొట్టి రకం కాదు. ఇక్కడి రకం నడుమెత్తు దాకా పెరుగుతుంది.

తేదీ ఖాయం చేసే ముందు గోడ మీది తెలుగు క్యాలెండర్ ఒకసారి తిప్పండి. అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రోజుల్లో పడేలా చూసుకోండి. ఎందుకో రాత్రి సంగతి దగ్గర చెప్తాను.

కాగితాలు: మనవాళ్లు మరిచిపోయే విషయం

ఇది సరిహద్దు ప్రాంతం. పార్కు నుంచి ఉత్తరానికి వచ్చే దారుల్లో, మారథాన్ ఊరి వైపు 385 నంబరు హైవే మీదా ఆల్పైన్ ఊరి వైపు 118 మీదా, సరిహద్దు గస్తీ (బోర్డర్ పట్రోల్) చెక్‌పోస్టులున్నాయి. తిరుగు ప్రయాణంలో బండి ఆపి, మీరు అమెరికా పౌరులేనా అని అడుగుతారు. కాదంటే పత్రాలు చూపమంటారు. డ్రైవింగ్ లైసెన్సు చాలదు. 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ ఇమిగ్రేషన్ పత్రాలు వెంట ఉంచుకోవాలని అమెరికా చట్టంలోనే ఉంది. హెచ్‌1బి ఉద్యోగ వీసా మీదున్నవాళ్లు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), ఐ-797 (ఆమోదపు కాగితం) పెట్టుకోండి. విద్యార్థులు కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం పెట్టుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అసలు కార్డే తీసుకెళ్లండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటే అక్కడ ఏం లాభం? అందరివీ ఒక జిప్ కవర్లో పెట్టి కారు ముందు అరలో ఉంచండి. ఫోన్లో ఫొటోలుంటే అదనపు జాగ్రత్త, అంతే.

పార్కు ప్రవేశ రుసుము కారుకి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డు కావాలి. జాతీయ పార్కులన్నిటికీ పనికొచ్చే వార్షిక పాస్ ఉంటే వేరే కట్టక్కర్లేదు.

బస ఎక్కడ

పార్కు లోపల ఉంటే రోజుకి రెండు గంటల డ్రైవింగ్ తగ్గుతుంది. లోపల మూడు క్యాంప్‌గ్రౌండ్లున్నాయి: కొండల నడుమ చిసోస్ బేసిన్, తూర్పున నది పక్క రియో గ్రాండే విలేజ్, పడమట నది పక్క కాటన్‌వుడ్. మూడింట్లో నాకు కాటన్‌వుడ్ ప్రాణం. చిన్నది, జనరేటర్ల మోత ఉండదు, పెద్ద చెట్ల నీడ ఉంటుంది, రాత్రి గుడ్లగూబ కూత తప్ప వేరే చప్పుడు వినపడదు. కొండలో ఉన్న ఒకే ఒక లాడ్జి బేసిన్‌లోనే ఉంది.

ఇక్కడొక ముఖ్యమైన మాట. బేసిన్‌లో పాత లాడ్జి భవనం తీసేసి కొత్తది కట్టడం, నీటి పైపులు మార్చడం పార్కు తలపెట్టిన పెద్ద పని. ఆ పని సాగే కాలంలో బేసిన్‌కి రాకపోకలు మూసేస్తారు, అది ఒకటి రెండు నెలల్లో ముగిసేది కాదు. కాబట్టి టికెట్లు, బస ఖాయం చేసే ముందు పార్కు అధికారిక సైట్‌లో బేసిన్ రోడ్డు తెరిచి ఉందో లేదో చూడండి. మూసి ఉన్నా యాత్ర మానుకోకండి. ఎడారి, నది చాలు మూడు రోజులకి.

బయట ఉండాలంటే పడమటి గేటు పక్కన టెర్లింగ్వా, స్టడీ బ్యూట్ దగ్గర. ఒకప్పుడు పాదరసం గనులతో కళకళలాడి తర్వాత పాడుబడిన ఊరు టెర్లింగ్వా. ఇప్పుడు మొండిగోడల మధ్యే హోటళ్లు, అద్దె ఇళ్లు వెలిశాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి వంటగది ఉన్న అద్దె ఇల్లు నయం. మారథాన్‌లో బస చౌకగా దొరికినా వద్దంటాను. అక్కడి నుంచి పార్కు ప్రధాన కార్యాలయం పాంథర్ జంక్షన్ 70 మైళ్లు. రోజూ 140 మైళ్లు పోయి వస్తుంటే తెల్లవారుజాము అందం, సాయంకాలం అందం రెండూ రోడ్డు మీదే పోతాయి.

దారి, పెట్రోలు, స్టెప్నీ

శాన్ ఆంటోనియో నుంచి ఆరున్నర గంటలు, ఆస్టిన్ నుంచి ఏడున్నర, డల్లాస్ నుంచి తొమ్మిది, హ్యూస్టన్ నుంచి తొమ్మిదిన్నర దాకా పడుతుంది. విమానంలో వచ్చేవాళ్లు మిడ్‌ల్యాండ్‌లో దిగి కారు తీసుకుంటే నాలుగు గంటల్లోపు గేటు చేరతారు. ఐ-10 హైవే మీదుగా వస్తే ఫోర్ట్ స్టాక్టన్ చివరి పెద్ద ఊరు. నీళ్లు, పండ్లు, పెరుగు, మందులు అన్నీ అక్కడే కొనేయండి. మారథాన్‌లో ట్యాంకు నింపండి. పార్కు లోపల పాంథర్ జంక్షన్‌లోనూ రియో గ్రాండే విలేజ్‌లోనూ పెట్రోలు దొరుకుతుంది గానీ ధర ఎక్కువ. నా పద్ధతి: ముల్లు సగానికి వస్తే నింపేయడమే.

చీకటి పడక ముందే గేటు చేరేలా బయల్దేరండి. రాత్రయితే ఆ రోడ్ల మీదికి జింకలు, హవెలీనాలు వచ్చేస్తాయి. హవెలీనా అంటే మన అడవిపందిలా ఉండి అంతకన్నా పొట్టిగా ఉండే జంతువు. పార్కులో వేగం గంటకి 45 మైళ్లు మించకూడదు.

రెండోసారి వెళ్లినప్పుడు జరిగిన సంగతి చెప్పాలి. మిడ్‌ల్యాండ్‌లో ఒక అద్దె కారు తీసుకున్నాం. ఓల్డ్ మావెరిక్ రోడ్డు అని పడమటి గేటు నుంచి నేరుగా శాంటా ఎలీనాకి 14 మైళ్ల మట్టిరోడ్డు ఉంది. అందులో ఆరో మైలు దగ్గర టైరు కోసుకుపోయింది. డిక్కీ తీసి చూస్తే స్టెప్నీలో గాలి లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. మార్చి నెల మధ్యాహ్నం, మాతో ఎనిమిదేళ్ల అమ్మాయి. కారు నీడలో కూర్చుని రెండు గంటలు ఎదురుచూశాక ట్రక్కులో ఒక వృద్ధ దంపతులు వచ్చారు, వాళ్ల దగ్గర గాలి కొట్టే పంపు ఉంది. కారులో నాలుగు గ్యాలన్ల నీళ్లుండటం వల్ల ఆ రెండు గంటలు భయం లేకుండా గడిచాయి. అప్పటి నుంచి తాళం చేతికి రాగానే నేను చూసేది స్టెప్నీనే. బొటనవేలితో నొక్కి చూసి, జాకీ, పానా ఉన్నాయో లేదో చూసి, అప్పుడు సంతకం పెడతాను. ఒక చిన్న పంపు కొని సూట్‌కేసులో వేసుకున్నా దండగ కాదు. నేల నుంచి ఎత్తు లేని కారుతో మట్టిరోడ్లలోకి దిగకండి, వాన పడితే ఏ కారుతోనూ వద్దు.

ఫోన్ సిగ్నల్ పార్కులో చాలా చోట్ల ఉండదు. మ్యాప్ ముందే ఫోన్‌లోకి దింపుకోండి, విజిటర్ సెంటర్‌లో కాగితం మ్యాప్ కూడా అడగండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి. దగ్గరి ఆసుపత్రి ఆల్పైన్‌లో ఉంది, పార్కు నడిబొడ్డు నుంచి సుమారు 100 మైళ్లు.

నీళ్లు, తిండి

మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకి కాస్త తక్కువ. నలుగురు, నాలుగు రోజులు అంటే 16 గ్యాలన్లు. పెద్ద డబ్బాల్లో కారులో పెట్టుకుని, నడకకి వెళ్లే ముందు సీసాల్లో నింపుకోండి. నది నీళ్లు తాగడానికి పనికిరావు. ఉత్త నీళ్లే తాగుతూ చెమట కారిస్తే ఒంట్లో ఉప్పు పడిపోతుంది, తల తిరుగుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ ఉప్పునీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకోండి. సీసాలో సగం నీళ్లు అయిపోయాయంటే ఎక్కడున్నా వెనక్కి తిరగడమే.

తిండి విషయంలో మన పద్ధతులు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. చింతపండు పులిహోర మర్నాటికి కూడా నిలుస్తుంది. చపాతీలు, నువ్వులపొడి, వేరుశనగ చిక్కీ, జంతికలు నడకలో ఎంతో పనికొస్తాయి. అయితే బేసిన్‌లో ఎలుగుబంట్లున్నాయి. ఒకప్పుడు ఇక్కడ పూర్తిగా కనుమరుగైన నల్ల ఎలుగులు 1980ల చివర్లో మెక్సికో కొండల నుంచి ఎడారి దాటి వాటంతట అవే తిరిగొచ్చాయి. ఎవరూ పట్టుకొచ్చి వదల్లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మనిషి తిండికి రుచి మరిగిన ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది కాబట్టి, వాసనొచ్చే ప్రతిదీ క్యాంప్‌సైట్‌లో ఇచ్చిన ఇనప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాలి. ఆవకాయ సీసా, నెయ్యి డబ్బా, టూత్‌పేస్టు, పాప చేతికి రాసే క్రీము కూడా. గుడారంలో బిస్కెట్ ముక్క కూడా ఉంచకండి.

మొదటి రోజు: పడమటి నది

చీకటితోనే లేవండి. రాస్ మాక్స్‌వెల్ సీనిక్ డ్రైవ్ 30 మైళ్ల తారు రోడ్డు. పార్కుకి మొదటి సూపరింటెండెంట్‌గా చేసిన భూగర్భ శాస్త్రవేత్త పేరు దానికి పెట్టారు. దారిపొడుగునా ఆగి చూసే చోట్లు బోలెడున్నాయి, అందరూ ఒక్కోటీ చూసుకుంటూ మధ్యాహ్నానికి చివర ఉన్న శాంటా ఎలీనా చేరతారు. మీరు తలకిందులుగా చేయండి. ఎక్కడా ఆగకుండా ముందు చివరికి వెళ్లిపోండి. గండి నోరు తూర్పుకి తెరుచుకుని ఉంటుంది, కాబట్టి ఉదయపు ఎండ నేరుగా లోపలికి పడుతుంది. మధ్యాహ్నానికి ఆ గోడలు నీడలోకి వెళ్లిపోయి రంగు కోల్పోతాయి.

దూరం నుంచి చూస్తే నేల మీద ఒక గోడ అడ్డంగా లేచి ఉంటుంది, 1,500 అడుగుల గోడ. దాని మధ్యలో కత్తితో కోసినట్టు ఒక సన్నని చీలిక. అదే నది బయటికొచ్చే దారి. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి ఇదంతా. నేల పగులు వెంట ఒక పక్క లేచింది, ఇంకో పక్క కుంగింది, నది తన దారి వదలకుండా కోసుకుంటూ పోయింది. ఇక్కడ పారే నీళ్లలో ఎక్కువ భాగం కొలరాడో కొండలవి కావు. ఎగువన రియో గ్రాండేని పొలాలకి మళ్లించేస్తారు. ప్రెసిడియో దగ్గర మెక్సికో నుంచి వచ్చే కాంచోస్ నది కలిశాకే దీనికి మళ్లీ ప్రాణం వస్తుంది.

ట్రెయిల్, అంటే నడక బాట, రానూపోనూ 1.7 మైళ్లే. మొదట్లోనే టెర్లింగ్వా వాగు దాటాలి. చాలా రోజులు అది ఎండిపోయి ఉంటుంది, లేదా చీలమండ లోతు నీళ్లుంటాయి. అడుగున చెరువు కట్ట దిగినప్పుడు తగిలే లాంటి మెత్తని బురద; కాలు పెడితే పట్టుకుని, చెప్పు లాగేసుకుంటుంది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, కర్ర ఊనుతూ దాటండి. నీళ్లు మోకాలు దాటి వడిగా పారుతుంటే, లేదా ఎగువన మబ్బు పట్టి ఉంటే, ఒడ్డునే ఉండిపోండి. దాటాక గోడకి చెక్కిన మెట్ల వరసలు ఎక్కి మళ్లీ నీటి దగ్గరికి దిగుతారు. కొంత దూరం పోయాక రెండు గోడలూ నీళ్లలోకి దిగిపోతాయి, బాట అక్కడే ఆగిపోతుంది. అక్కడో బండ మీద అరగంట మాట్లాడకుండా కూర్చోండి. మీ చేతికి అందే దూరంలో ఉన్నది అమెరికా గోడ, నలభై అడుగుల వెడల్పు నీళ్లకి అవతల ఉన్నది మెక్సికో గోడ. కాన్యన్ రెన్ అనే చిన్న పిట్ట ఒకటి పైనుంచి కిందికి మెట్లు దిగుతున్నట్టు కూస్తుంది, ఆ కూత గోడల మధ్య తిరిగి తిరిగి వస్తుంది.

వెనక్కి వచ్చేటప్పుడు కాస్టలోన్, టఫ్ కాన్యన్, మ్యూల్ ఇయర్స్ ఆగి చూడండి. కాస్టలోన్‌లో పాత దుకాణం ఉన్న భవనం 2019 మే నెలలో మెక్సికో వైపు నుంచి వచ్చిన కార్చిచ్చులో కాలిపోయింది. ఎండ దిగే వేళకి సోటోల్ విస్టా చేరండి. పొద్దున మీరు నిలబడిన గండి అక్కడి నుంచి గోడలో చిన్న గంటులా కనపడుతుంది. దాని వెనక్కే పొద్దు కుంకుతుంది.

రెండో రోజు: కొండ

బేసిన్ రోడ్డు తెరిచి ఉంటే లాస్ట్ మైన్ ట్రెయిల్‌కి వెళ్లండి. 4.8 మైళ్లు రానూపోనూ, 1,100 అడుగుల ఎక్కుడు. పార్కింగ్ చాలా చిన్నది, రద్దీ రోజుల్లో ఏడింటికే నిండిపోతుంది. పిల్లలతో ఉన్నవాళ్లు మొదటి మైలు ఎక్కితే వచ్చే కనుమ దాకా వెళ్లి తిరిగొచ్చినా లోటు ఉండదు, లోయ అంతా అక్కడే తెరుచుకుంటుంది. కింద ఎడారి, ఇక్కడ జూనిపర్, ఓక్, పైన్ చెట్లు. మంచుయుగంలో కింది నేలంతా పరుచుకున్న అడవి, వేడి పెరిగాక ఇక్కడికి ఎక్కి మిగిలిపోయింది. చుట్టూ ఎడారి సముద్రంలా ఉంటే ఇది దీవిలా నిలిచింది. కోలిమా వార్బ్లర్ అనే పిట్ట అమెరికాలో గూడు కట్టేది ఈ కొండల్లోనే.

గట్టి నడకగాళ్లకి సౌత్ రిమ్, అంటే కొండల దక్షిణపు అంచు, ఉంది. 12 మైళ్ల పైన, ఒక పూర్తి రోజు. ఫిబ్రవరి నుంచి మే చివరి దాకా డేగలు గూళ్లు పెడతాయని ఆ అంచులో కొంత భాగం మూస్తారు. విండో ట్రెయిల్ మాత్రం మోసం చేస్తుంది: పోయేటప్పుడు అంతా దిగుడు, సులువుగా ఉంటుంది. అలిసిపోయాక ఎండలో ఎక్కుడు. దీన్ని పొద్దున్నే ముగించండి.

బేసిన్ మూసి ఉంటే గ్రేప్‌వైన్ హిల్స్‌కి వెళ్లండి. రెండు బండల మీద మూడో బండ నిలబెట్టినట్టుండే బ్యాలెన్స్‌డ్ రాక్ అక్కడే ఉంది, నడక రానూపోనూ 2.2 మైళ్లు. హైదరాబాద్ బండల మధ్య పెరిగినవాళ్లకి అది చూడగానే సొంత ఊరు గుర్తొస్తుంది. అక్కడికి పోయే ఆరు మైళ్ల మట్టిరోడ్డుకి ఎత్తైన బండి నయం.

ఎడారిలో ఎక్కడ నడిచినా నిండు ప్యాంటు వేసుకోండి. లెచుగియా అని మన కిత్తనారకి చుట్టం ఒకటుంది, చివావా ఎడారికి గుర్తు మొక్క. ఆకులన్నీ పైకి నిలబెట్టిన బాకుల్లా ఉంటాయి, కొసన దబ్బనం లాంటి ముల్లు సరిగ్గా పిక్క ఎత్తున ఉంటుంది. ఒకసారి ఫొటో కోసం బాట దిగి ఒక్క అడుగు వెనక్కి వేశాను. ముల్లు ప్యాంటు దాటి పిక్కలో దిగింది, మర్నాడంతా కాలు బరువెక్కి నొప్పి పెట్టింది. పట్టకారు, దువ్వెన సంచిలో ఉంచుకోండి. నాగజెముడు ముళ్లు అంటుకుంటే దువ్వెనతో ఎత్తి తీసేయొచ్చు. వాగుల పక్కన కనిపించే మెస్కీట్ చెట్టుని చూస్తే మాత్రం మనవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, మన సర్కారు తుమ్మకి దగ్గరి బంధువు.

మూడో రోజు: తూర్పు నది, అవతలి ఒడ్డు

తెల్లవారకముందే హాట్ స్ప్రింగ్స్‌కి. చివరి మట్టిరోడ్డు ఇరుకు, కొండ అంచున ఒక్క బండి పట్టేంతే. పెద్ద వ్యాన్లు వద్దు. 1909లో జె. ఓ. లాంగ్‌ఫోర్డ్ అనే ఆయన కుటుంబంతో వచ్చి ఈ వేడినీళ్లతో జబ్బులు నయం చేయాలని స్నానశాల కట్టాడు. అది కూలిపోయి పునాది మిగిలింది. నది అంచునే చదరపు రాతి తొట్టి, అందులో 105 డిగ్రీల ఫారన్‌హీట్ నీళ్లు. మన ఇళ్లలో తలంటుకి కాచే వేడి. చలికాలం తెల్లవారుజామున మెడ దాకా అందులో కూర్చుంటే, మీ మోచేతికి జానెడు దూరంలో గోడకి అవతల చల్లని రియో గ్రాండే పారుతుంటుంది. వాన తర్వాత నది పెరిగితే తొట్టి మునిగిపోతుంది.

ఎనిమిదిన్నరకి అక్కడి నుంచి లేచి, మెక్సికో ఒడ్డునున్న బొకియాస్ ఊరికి దాటే రేవుకి. 2001 దాడుల తర్వాత మూసేసిన ఈ దారిని 2013 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. చిన్న పడవలో నది దాటి, గాడిద మీదో ట్రక్కులోనో నడిచో ఊళ్లోకి వెళ్లి, భోంచేసి రావచ్చు. రాగితీగతో చేసిన తేళ్లు, రోడ్‌రన్నర్ పిట్టలు, ఎంబ్రాయిడరీ గుడ్డలు ఆడవాళ్లు ఇళ్ల ముందే పెట్టి అమ్ముతారు. చిల్లర డాలర్లు తీసుకెళ్లండి. చలికాలంలో సాధారణంగా బుధవారం నుంచి ఆదివారం దాకే తెరుస్తారు, రోజులూ వేళలూ మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు సరిచూసుకోండి. మూసే వేళ దాటితే మళ్లీ తెరిచే రోజు దాకా ఆ ఒడ్డునే ఉండాలి.

వీసా మీదున్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఊరు చూసొచ్చినా అది విదేశీ ప్రయాణమే. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్న భారతీయులకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. తిరిగొచ్చేటప్పుడు రేవులో యంత్రం ముందు నిలబడి, దూరాన ఉన్న అధికారితో తెర మీద మాట్లాడి లోపలికి రావాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ముగిసినవాళ్లు, వీసా స్టేటస్ మార్పు నడుస్తున్నవాళ్లు, ఒక్కసారి ప్రవేశానికే వీసా ఉన్న తల్లిదండ్రులు దాటొద్దని నా గట్టి మాట. ఒక మధ్యాహ్న భోజనం కోసం ఉద్యోగాన్ని ఇరకాటంలో పెట్టుకోకండి. రేవు కాని చోట నదిలో నడిచి అవతల కాలు మోపడం నేరం. ట్రెయిల్ పక్కన బండల మీద అవతలి ఊరివాళ్లు అమ్మకానికి బొమ్మలు, డబ్బుల డబ్బా పెట్టి ఉంచుతారు. వాళ్ల పేదరికం చూస్తే మనసు కరుగుతుంది గానీ అవి కొనడం చట్టవిరుద్ధం. ఊళ్లోకి వెళ్లి కొనండి, లేదా పార్కు దుకాణంలో ఆ ఊరివాళ్ల చేతిపనే దొరుకుతుంది.

దాటనివాళ్లు బొకియాస్ కాన్యన్ ట్రెయిల్ నడవండి, 1.4 మైళ్లు. సాయంత్రానికి అందరూ రియో గ్రాండే విలేజ్ నేచర్ ట్రెయిల్ గుట్ట మీదికి చేరాలి. తుంగల మీద చెక్క వంతెన, తర్వాత చిన్న ఎక్కుడు. అమ్మానాన్నలు మెల్లగా ఎక్కగలరు. ఎండ దిగుతుంటే మెక్సికో వైపు సియెర్రా డెల్ కార్మెన్ గోడ మొదట పసుపు, తర్వాత దానిమ్మ గింజ రంగు, చివరికి వంకాయ రంగుకి తిరుగుతుంది. పావుగంటలో అయిపోతుంది, ఆలస్యం చేయొద్దు.

ఆ వైపే మారుఫో వేగా అని 14 మైళ్ల ట్రెయిల్ ఉంది, నీడ లేదు, నీళ్లు లేవు. 2023 జూన్‌లో 119 డిగ్రీల ఎండలో 14 ఏళ్ల అబ్బాయి అక్కడ సొమ్మసిల్లి చనిపోయాడు. సాయం కోసం కారు దగ్గరికి వెళ్లిన సవతి తండ్రి కారు లోయలో పడి ఆయనా పోయాడు. వేడి కాలంలో పొద్దున పది తర్వాత ఏ ఎడారి ట్రెయిల్ మీదా ఉండకండి. పిల్లలు "ఇంకొంచెం దూరం నాన్నా" అన్నా సరే.

రాత్రి

అమెరికా ప్రధాన భూభాగంలోని జాతీయ పార్కుల్లో అన్నిటికన్నా తక్కువ వెలుతురు కాలుష్యం ఉన్నది ఇక్కడే. 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది. అమావాస్య మాట అందుకే చెప్పాను. బస దగ్గర దీపాలన్నీ ఆర్పేసి, ఫోన్ జేబులో పెట్టి, ఇరవై నిమిషాలు దుప్పటి కప్పుకుని పడుకోండి. దారికి ఎర్ర లైటే వాడండి, తెల్ల లైటు పడితే కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. మా నాయనమ్మ ఆరుబయట మంచం మీద పిల్లలకోడి అని చూపించే చుక్కల గుంపుని, నేను ముప్పై ఏళ్ల తర్వాత కాటన్‌వుడ్‌లో మా అమ్మాయికి చూపించాను. నాయనమ్మ ఆరు లెక్కపెట్టేది. అమ్మాయి తొమ్మిది లెక్కపెట్టింది.

తిరిగొచ్చే పొద్దున

ఉత్తరం గేటు దారిలో, పాంథర్ జంక్షన్‌కి ఎనిమిది మైళ్ల దూరాన ఫాసిల్ డిస్కవరీ ఎగ్జిబిట్ దగ్గర ఆగండి. నడవలేని పెద్దవాళ్లు కూడా చూడగలిగిన చోటు, టికెట్ లేదు. క్వెట్జల్‌కోట్లస్ అనే ఎగిరే సరీసృపం ఎముకలు 1971లో ఈ పార్కులోనే ఒక విద్యార్థికి దొరికాయి. రెక్కలు చాపితే ముప్పై అడుగుల పైన, భూమ్మీద ఎగిరిన అతిపెద్ద ప్రాణుల్లో ఒకటి. పిల్లలు దాని నమూనా కింద నిలబడి చేతులు చాపి కొలుచుకుంటారు. అక్కడే కారులోని డబ్బాల నుంచి సీసాలు నింపుకుని, కాగితాల కవరు పైకి తీసి సీటు మీద పెట్టుకోండి. చెక్‌పోస్టు మారథాన్‌కి ముందే వస్తుంది.